జొన్న మీద పిజ్జా: రెజిమెంటల్ బజార్ నుంచి కొన్ని విశేషాలు

గోధుమపిండిని గట్టిగా ముద్ద చేసి, ఓ పావుగంట నానబెట్టి, సన్నటి కుళాయి ధార కింద పిసుకుతూ కడిగి చూడండి. పాలలాంటి నీళ్లు పోతూ పోతూ చివరికి చేతిలో లేత బూడిదరంగు ముద్దొకటి మిగులుతుంది. లాగితే సాగుతుంది, వదిలితే దగ్గరికొస్తుంది. అదే గ్లూటెన్. ఇటలీలోని బొలోన్యా నగరంలో యాకోపో బెక్కారి అనే ఆచార్యుడు దాన్ని వేరు చేసింది ఇలా కడిగే. ఆ సంగతి 1745లో అచ్చయింది. ఈస్ట్ వదిలే గాలిని బుడగలుగా పట్టి ఉంచి పిజ్జా అంచును ఉబ్బించేది ఈ బంకే. దాన్ని తీసేస్తే ఆ పని చేసేందుకు ఇంకేదో కావాలి. ఆ ఇంకేదో మందుల షాపులో, మిల్కు చాక్లెట్ల పక్కనే, డబ్బాల్లో దొరుకుతుంది. దాని సంగతి కాసేపట్లో.

గ్లూటెన్ వద్దనే వైద్యం, పాలూ తేనే కూడా వద్దనే వీగన్ ఉద్యమం రెండూ 1944 చలికాలాన్ని తలుచుకోవాల్సినవే. ఆ నవంబరులో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, మరికొందరు కలిసి వీగన్ సొసైటీ పెట్టారు. అదే చలికాలంలో నెదర్లాండ్స్ ఆకలితో మాడింది. రొట్టె దొరకని ఆ నెలల్లో, గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బున్న పిల్లలు కోలుకోవడం, రొట్టె తిరిగి రాగానే మళ్లీ జబ్బు పడటం విలెం కారెల్ డికె అనే పిల్లల డాక్టరు గమనించాడు. గోధుమ మీద ఆయనకు అంతకు ముందు నుంచే అనుమానం. 1950లో సిద్ధాంత గ్రంథంగా రాసి దాన్ని నిరూపించాడు.

మన దగ్గర ఈ జబ్బు ఎంతమందికి? 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం ఉత్తర భారతంలో పెద్దవాళ్లలో నూటికి 1.23 మందికి ఉంటే, దక్షిణాన నూటికి 0.10 మందికే, అంటే వెయ్యికి ఒకరికి. తక్కువే కదా అని తీసిపారేయొద్దు. ఆ ఒక్కరికి చిటికెడు గోధుమపిండి కూడా పేగును గాయపరుస్తుంది. పైగా సికింద్రాబాద్ ఒక్క ప్రాంతం వాళ్ల ఊరు కాదు. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరుతో వెలిసిన కంటోన్మెంటు ఊరు, 1874లో రైలొచ్చిన ఊరు. స్టేషనుకు కూతవేటు దూరంలో, పల్టన్ల అవసరాల పేరు మోస్తున్న రెజిమెంటల్ బజార్‌లో జొన్నరొట్టె తినేవాళ్లూ, ఫుల్కాలు తినేవాళ్లూ, ఇడ్లీ లేనిదే తెల్లారనివాళ్లూ ఒకే మెట్ల మీద ఎదురుపడతారు. ఒక్కో ఇంటి పొయ్యి మీద ఒక్కో ధాన్యం.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎక్కువమంది పట్టించుకోనిది: గిర్ని.

జొన్నల్లో గ్లూటెన్ లేదు, సరే. కానీ ఆ జొన్నల్ని పిండి పట్టించే గిర్నిలో మన ముందు నిలబడ్డాయన పది కిలోల గోధుమలు పట్టించుకుని వెళ్తాడు. రాళ్ల మధ్య, గొట్టంలో, కింద కట్టిన గుడ్డసంచీలో ఆ పిండి మిగిలే ఉంటుంది. మన జొన్నపిండి మొదటి గుప్పెడు దాన్ని తుడుచుకుని మరీ వస్తుంది. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం గ్లూటెన్ లేనిదని రాసుకోవాలంటే కిలోలో 20 మిల్లీగ్రాములు దాటకూడదు. కిలో పిండిలో అదెంత? చూపుడువేలి కొసకు అంటుకునేంత కూడా కాదు. అందుకని సీలియాక్ ఉన్న ఇంటికి నేను చెప్పేది ఒకటే. మోండా మార్కెట్‌లో గింజలే కొనండి. పళ్లెంలో పోసి గోధుమ గింజ కలిసిందేమో ఏరండి, కడిగి ఆరబెట్టి, గోధుమ ఎరగని మిక్సీ జార్‌లో పట్టి సన్నటి జల్లెడ పట్టండి. శ్రమే. కానీ ఆ ఇంట్లో పిల్లవాడి కడుపునొప్పి ముందు ఇదొక శ్రమ కాదు. ఊరికే గోధుమ తగ్గిద్దామనుకునేవాళ్లు మాత్రం గిర్నికి నిశ్చింతగా వెళ్లొచ్చు.

ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చదివారా ఎప్పుడైనా? మార్కెట్లో దొరికే పొడి ఇంగువ చాలావాటిలో బరువులో ఎక్కువ భాగం గోధుమపిండో, మైదానో, బియ్యప్పిండో. పిజ్జా సాస్‌లో ఇంగువ వేసే అలవాటున్న ఇళ్లలో ఇది చూసుకోవాలి. సోయా సాస్‌లోనూ మామూలుగా గోధుమ ఉంటుంది. "మల్టీగ్రెయిన్", "మిల్లెట్" అని పెద్దక్షరాల్లో రాసిన పిజ్జా బేస్‌లలో కూడా మైదా మొదటి వరసలో కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

ప్యాకెట్ మీద పచ్చచుక్క ఉందంటే మాంసం, చేప, గుడ్డు లేవని మాత్రమే అర్థం. పాలపొడి, వెన్న, తేనె ఉన్నా పచ్చచుక్కే. వీగన్ ఆహారానికి మన దేశంలో 2022లో ప్రత్యేకంగా నిబంధనలొచ్చాయి, దానికి వేరే గుర్తు ఉంది.

ఇప్పుడు ఆ డబ్బా సంగతి. అది ఇసబ్‌గోల్. గుజరాత్, రాజస్థాన్ పొలాల్లో పండే ఈ పంటను లోకానికి ఎక్కువగా అందించేది మన దేశమే. బామ్మలు విరేచనానికి తాగే ఆ పొట్టునే ఇప్పుడు ఐరోపాలో గ్లూటెన్ లేని రొట్టెలు చేసేవాళ్లు గిన్నెల్లో కలుపుతున్నారు. ఒక పెద్ద చెంచాడు పొట్టును ముప్పావు కప్పు గోరువెచ్చటి నీళ్లలో వేసి ఐదు నిమిషాలు వదలండి. నీళ్లు జిగురుగా, గిన్నె వంచినా కదలని జెల్లీగా మారతాయి. ఆ జెల్లీ పిండిని కలిపి ఉంచుతుంది, గాలిని కొంత పట్టుకుంటుంది. రంగు, రుచి కలపని సాదా పొట్టే కొనాలి.

పిండి ఇలా: కప్పు జొన్నపిండి, అరకప్పు బియ్యప్పిండి, ఉప్పు, చెంచాడు నూనె. కొంచెం వెచ్చటి నీళ్లలో చిటికెడు చక్కెర, చెంచాడు ఈస్ట్ వేసి నురగ రానిచ్చి, ఇసబ్‌గోల్ జెల్లీతో పాటు కలపాలి. అవసరమైతే ఇంకాసిని నీళ్లు. చపాతీ ముద్దలా గట్టిగా ఉండకూడదు, వడపిండికి కాస్త గట్టిగా ఉంటే చాలు. మూతపెట్టి గంట ఉంచి, నూనె రాసిన బటర్‌ పేపరు మీద తడిచేత్తో తట్టాలి. అప్పడాల కర్ర వద్దు, చీలుతుంది. జొన్నరొట్టె తట్టడం వచ్చిన చేతికి ఇది కొత్త కాదు. రొట్టెకు వేడినీళ్లు పోసి పిండి కలపడంలో ఉన్న కిటుకూ ఇలాంటిదే: వేడికి పిండిపదార్థం ఉడికి జిగురెక్కి, లేని బంకకు బదులు నిలబడుతుంది.

ఈస్ట్ లేకుండానా? అదీ ఉంది. దిబ్బరొట్టె పిండి, అంటే మినప్పప్పూ బియ్యపు రవ్వా, రాత్రంతా పులిస్తే ల్యూకోనోస్టాక్ అనే సూక్ష్మజీవులు దాన్ని తమంతట తామే పొంగిస్తాయి. మందంగా, అడుగు ఎర్రగా కాలిన దిబ్బరొట్టె మీద టమాటా గుజ్జు పూసి తినండి, పాలూ గోధుమా లేని పిజ్జా అదే. తెలంగాణ సర్వపిండి ఇంకా దగ్గర చుట్టం: బియ్యప్పిండి, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి, కరివేపాకు కలిపి గిన్నె అడుగున ఒత్తి, వేళ్లతో బొక్కలు పొడిచి అందులో నూనె చుక్కలేసి మూతపెడతారు. ఇంకేమీ మార్చనక్కర్లేదు. నా ఓటు సర్వపిండికే.

చీజ్ లేకపోతే పిజ్జా ఏంటంటారేమో. నేపుల్స్ పిజ్జా సంఘం అసలైనవిగా గుర్తించిన రెండింటిలో ఒకటి మరినారా. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె, అంతే. చీజ్ పేరుకు కూడా ఉండదు. మనకు మదనపల్లె టమాటాలున్నాయి, వెల్లుల్లి ఉంది, ఒరెగానో దొరక్కపోతే వాము ఆకు సన్నగా తరిగి వేస్తే దాని వాసనకు చాలా దగ్గరగా ఉంటుంది. రెండింటిలోనూ ఆ ఘాటుకు కారణం కార్వాక్రాల్, థైమాల్ అనే పదార్థాలే. తీగలు సాగాల్సిందే అనే పిల్లలకు: అరకప్పు జీడిపప్పు నానబెట్టి, వెల్లుల్లి, ఉప్పు, నిమ్మరసం, కప్పు నీళ్లతో మెత్తగా రుబ్బి, పొడి కొట్టిన సగ్గుబియ్యం రెండు చెంచాలు కలిపి సన్నసెగ మీద తిప్పుతూ ఉండండి. మూడు నాలుగు నిమిషాల్లో గరిటె వెంట సాగుతుంది. సాగదీసేది సామర్లకోట వైపు కర్రపెండలం నుంచి తీసే ఆ సగ్గుబియ్యపు పిండే. పలాస జీడిపప్పు కొబ్బరిపాలంత కమ్మదనం ఇస్తుంది. ఖరీదనుకుంటే పల్లీలు పొట్టు తీసి రుబ్బినా పనవుతుంది.

నేపుల్స్ పొయ్యి 430 డిగ్రీలు దాటుతుంది, పిజ్జా ఒకటి ఒకటిన్నర నిమిషాల్లో అయిపోతుంది. మన ఇళ్లలో ఉండే ఓటీజీ ఓవెన్ 250 దగ్గర ఆగిపోతుంది. కనుక ముందు ఒట్టి బేస్‌ను ఇనుప పెనం మీద మూతపెట్టి రెండువైపులా కాల్చుకుని, ఆ తర్వాతే సాస్, కూరముక్కలు పరిచి ఓవెన్‌లోకి పంపాలి. పచ్చిపిండి మీదే సాస్ పోస్తే తడికి నడుమ మెత్తబడి విరిగిపోతుంది. ఓవెన్ లేకపోయినా ఫరవాలేదు, అదే పెనం మీద మూతపెట్టి సెగ తగ్గిస్తే సరి.

ఇటలీలో సీలియాక్ రోగులకు గ్లూటెన్ లేని తిండి కొనుక్కోవడానికి ప్రభుత్వం నెలనెలా కొంత సొమ్మిస్తుంది. మన దగ్గరా ఆ రోజు రావాలి.

జొన్న బేస్ చల్లారితే గట్టిపడుతుంది. ఉడికి జిగురెక్కిన పిండిపదార్థం మళ్లీ బిగుసుకోవడం వల్ల అలా జరుగుతుంది, పాడైనట్టు కాదు. నాలుగు చుక్కల నీళ్లు చల్లి మూతపెట్టి పెనం మీద వేడి చేస్తే మెత్తబడుతుంది. ఎక్కువ చేసుకునేవాళ్లు సగం కాల్చిన బేస్‌ల మధ్య బటర్‌ పేపరు పెట్టి ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు, ఫ్రిజ్ కింది అరలో మాత్రం పెట్టొద్దు. ఆ చల్లదనానికే అవి తొందరగా బిగుసుకుంటాయి.