సిలోన్ స్టేషన్ పట్టిన ఆదోని

1952లో బి.వి. కేస్కర్ కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యాక ఆకాశవాణి సినిమా పాటకు దాదాపు తలుపులు మూసేసింది. శాస్త్రీయ సంగీతంతోనే జనం అభిరుచి పెరుగుతుందని ఆయన నమ్మకం. ఆదోని అప్పటికింకా బళ్లారి జిల్లాలోనే ఉంది. మరుసటి ఏడు అక్టోబరు 1న ఆలూరు, రాయదుర్గం తాలూకాలతో పాటు ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే బజారులో వినిపించే ఊరది. దేశంలోని చాలా ఊళ్లలాగే అక్కడా రేడియో ముల్లు సిలోన్ వైపు తిరిగింది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో మిత్రరాజ్యాల సైనికుల కోసం పెట్టిన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ తర్వాత సిలోన్ ప్రభుత్వం చేతికొచ్చింది. షార్ట్‌వేవ్ తరంగం ఆకాశపు పై పొరకు తగిలి వందల మైళ్ల అవతల దిగుతుంది. అందుకే కొలంబో పాట కాసేపు గట్టిగా, కాసేపు సన్నగా, మధ్యలో గరగరతో వచ్చేది. అయినా చెవి దాన్ని వదిలేది కాదు.

1952 డిసెంబరులో ఆ సిలోన్ స్టేషన్‌లోనే బినాకా గీత్‌మాలా మొదలైంది. ఖర్చు పళ్ల పేస్టు కంపెనీది, గొంతు అమీన్ సయానీది. తెలుగు పాటల వేళకు మీనాక్షి పొన్నుదురై పలికేవారు.

కంపెనీ డబ్బుతో పాటల కార్యక్రమం నడిపే పద్ధతి అమెరికాలో అంతకుముందే పాతబడింది. 1929లో ఈస్టు అమ్మే ఫ్లైష్‌మన్ కంపెనీ గాయకుడు రూడీ వ్యాలీ చేత గంటసేపు కార్యక్రమం చేయించింది: పాట, హాస్యం, చిన్న నాటిక, పేరున్న అతిథులు. 1935లో సిగరెట్ కంపెనీ ఖర్చుతో, ఆ వారం జనం మెచ్చిన పాటలను వరుసగా వినిపించే 'యువర్ హిట్ పరేడ్' వచ్చింది. అక్కడ స్టూడియోలో వాద్యబృందం కూర్చుని వాయించేది. మనకు గ్రామఫోను రికార్డులే దిక్కు. కానీ మన దగ్గర కోరిన పాటతో పాటు కోరిన మనిషి పేరు, ఊరి పేరు కూడా రేడియోలో వినిపించేవి. అది పెద్ద గౌరవం. ఓ పోస్టుకార్డుతో చిన్న ఊరు దేశానికి వినిపించేది.

ఆదోనికి దగ్గర్లో, 1938లో మాచాని సోమప్ప నేతపనివారి సహకార సంఘం స్థాపించిన ఎమ్మిగనూరులో పాట విలువ ఇంకో రకం. మగ్గం గుంటలో కూర్చున్నవారికి చేతులు నాడెకు, కాళ్లు తొక్కుడుచెక్కలకు, కళ్లు పోగుకు కట్టుబడి ఉంటాయి. ఖాళీగా ఉండేది చెవి ఒక్కటే. నేతపనికి రేడియో అంత కుదిరిన తోడు మరొకటి లేదు.

సినిమా పాట లేకపోతే శ్రోతలు సిలోన్ వైపు పోతారన్న సంగతి ఆకాశవాణికీ అర్థమైంది. 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలుపెట్టింది. పదేళ్లకు దాంట్లో ప్రకటనలూ వచ్చాయి. శ్రోతలు కోరిన పాటలతో 'జనరంజని' తెలుగిళ్లలో అలవాటైపోయింది. సిలోన్ కోసం ముల్లు తిప్పే అవసరం మెల్లగా తగ్గింది. చివరికి 1989లో గీత్‌మాలా కూడా వివిధ భారతికే వచ్చి చేరింది.