హెర్క్యులిస్ ఎక్కి బడికి.. ఆయనెవరో అడిగితే!

- గ్రీకు పురాణాలతో తెలుగు రాత నేర్పొచ్చు
- ఫోనుకు తెలియని కథ అవ్వ దగ్గరుంది

శోళవరం: పొద్దున్నే జీఎన్‌టీ రోడ్డు పక్కన నిలబడితే పిల్లకాయలు సైకిళ్ల మీద బడికి పోతూ కనిపిస్తారు. సైకిళ్ల మీది పేర్లు చూడండి. కొన్నిటి మీద 'హెర్క్యులిస్' అని ఉంటుంది. ఆ సైకిలు 1949లో అంబత్తూరులో మొదలైన టీఐ సైకిల్స్ వారిది. అబ్బోడి సంచిలో అట్లాసు ఉంటుంది. వాళ్ల నాయన చేతికి హోసూరు టైటాన్ వాచీ. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే వినిపించే ఆసుపత్రి పేరు అపోలో. దాన్ని 1983లో మద్రాసులో తెరిచిన డాక్టర్ ప్రతాప్ సి.రెడ్డిది మన చిత్తూరు జిల్లా అరగొండ.

ఈ నాలుగూ గ్రీకు పురాణాల్లోని పేర్లే. (టైటాన్ పేరు టాటా, తమిళనాడు అన్న మాటల్లోంచి కూర్చారని చెబుతారు. అయినా గ్రీకు కథల్లో ఆ పేరుతో ఒక వంశమే ఉంది.) రోజూ నోట్లో నలిగే ఈ పేర్లు ఎవరివని ఏడో తరగతి పిల్లాణ్ని అడగండి. 'సైకిలు పేరు సార్' అంటాడు. తప్పు వాడిది కాదు, వాడికి ఎవరూ చెప్పలేదు. తమిళనాడు పాఠ్యపుస్తకాల్లో గ్రీసు గురించి కాస్త వివరంగా వచ్చేది తొమ్మిదో తరగతి చరిత్రలో. అందులోనూ రాజులు, యుద్ధాలు, తత్వవేత్తలే ఎక్కువ.

ఆరు నుంచి ఎనిమిది దాకా చదివే పిల్లలకు ఈ కథలు చెబితే ఏమొస్తుంది? ఉత్తగా చెబితే ఓ గంట కాలక్షేపం అవుతుంది, అంతే. వాళ్లచేత వెతికించి, వాళ్ల చేత్తోనే రాయిస్తే మాత్రం శోళవరం, పొన్నేరి, గుమ్మిడిపూండి, ఊత్తుకోట ప్రాంతాల తెలుగిళ్లకు ఓ పెద్ద మేలే జరుగుతుంది. అదెలాగో చూద్దాం.

మన పురాణాలే తెలీవు.. గ్రీకువెందుకు?

ఈ మాట తల్లిదండ్రులు అడక్క మానరు. న్యాయమైన ప్రశ్నే. అయితే మన కథ మనకు తెలిసిపోయిందనే ధీమాతో వింటాం కనుక అందులో ప్రశ్న పుట్టదు. పరాయి కథ విన్నప్పుడే 'ఇలాంటిది మన దగ్గరా ఉందే' అని పిల్లాడికి తడుతుంది. పసిబిడ్డ పెర్సియస్‌ను తల్లితో సహా పెట్టెలో పెట్టి సముద్రంలో వదిలేశారని చెప్పండి. క్లాసులో ఎవరో ఒకరు 'కర్ణుడు సార్' అని అరుస్తారు. ఇక్కడి ద్రౌపదమ్మ గుళ్లలో భారతం చదివించి, రాత్రిళ్లు తెరుక్కూత్తు ఆడించి, చివర్లో నిప్పుల గుండం తొక్కుతారు కదా. ఆ పందిట్లో కూర్చున్న పిల్లలకు పెట్టెలో బిడ్డ కథ కొత్తేమీ కాదు.

అపోలో సంగతి ఇంకా బాగుంటుంది. వైద్యానికి సంబంధించిన దేవుడని ఆసుపత్రికి ఆ పేరు అతికింది. హోమర్ ఇలియడ్ తీస్తే మొదట్లోనే ఆ అపోలో కోపంతో బాణాలేసి గ్రీకు సైన్యం మీదికి మహమ్మారిని పంపుతాడు. జబ్బు తెచ్చేదీ ఆయనే, పోగొట్టేదీ ఆయనేనా? పట్నం పిల్లాడు ఇక్కడ తికమకపడతాడేమో గానీ మన పల్లె పిల్లాడు పడడు. ఒళ్లంతా పొక్కులొస్తే 'అమ్మవారు పోసింది' అంటారు, వేపాకు కట్టి మారెమ్మకే మొక్కుకుంటారు. పోసిందీ ఆమే, చల్లబరచాల్సిందీ ఆమే. వేల మైళ్ల అవతలి కథకు మన వీధి చివరి గుడి దగ్గర జవాబు దొరికిందంటే ఆ పిల్లాడు దాన్నిక మరవడు.

దేవుళ్లను పోల్చడమేంటని కొందరికి ఇబ్బంది కలగొచ్చు. ఇక్కడ పోల్చేది కథల్ని, దేవుళ్లను కాదు. ఎవరు గొప్ప అన్న మాటే రానివ్వకూడదు. గ్రీకు కథల్లో పిల్లలకు చెప్పకూడనివీ ఉన్నాయి (మన పురాణాల్లో లేవా అంటే ఉన్నాయి). పంతులుగారు ముందే చదువుకుని ఏరుకోవాలి.

గూగుల్‌కు హెర్క్యులిస్ తెలుసు.. మీ అవ్వ తెలీదు

'హెర్క్యులిస్ గురించి ఒక పేజీ రాసుకురా' అంటే ఈ రోజుల్లో ఏమవుతుంది? అన్న ఫోను తీసి అడుగుతాడు, క్షణంలో పేజీ వస్తుంది. చూసి ఎక్కించేస్తాడు. అందులో వాడి మాట ఒక్కటీ ఉండదు. అందుకే అడిగే తీరు మార్చాలి. ఒక గ్రీకు కథతో పాటు ఊళ్లో పెద్దల్ని అడిగి తెచ్చిన ఒక కథ. రెండూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ కలిశాయో ఎక్కడ విడిపోయాయో రాయాలి. గ్రీకు కథ ఫోను చెబుతుంది గానీ రెండోది చెప్పలేదు. దానికోసం పిల్లాడు అరుగు మీది అవ్వ దగ్గరికి పోవాల్సిందే.

మన ప్రాంతంలో అలాంటి కథలకు కొదవా? పంజెట్టి అగస్తీశ్వరుడి గుడికి పోతే అగస్త్యుడు అయిదు యాగాలు చేసిన చోటంటారు. ఊత్తుకోట దాటి ఆంధ్రాలో అడుగుపెడితే సురుటుపల్లి. విషం మింగిన శివుడు పడుకుని కనిపించే గుడి. ఇంకాస్త ముందుకెళ్తే మత్స్యావతారం నాగలాపురం. గ్రీకుల్లోనూ ఒక మహా జలప్రళయం కథ ఉంది. డ్యూకాలియన్ అనేవాడు, అతని భార్య ఒక పెట్టెలో ఎక్కి బతికి బయటపడతారు. చేప మనువుకు చెప్పిన కథతో దాన్ని కలిపి రాయమంటే ఆరో తరగతి పిల్లలకు చేతినిండా పని. అటు తిరుత్తణి పిల్లలైతే శూరపద్ముడితో యుద్ధమయ్యాక మురుగన్ కోపం తణిగిన కొండ గురించి రాయొచ్చు. గ్రీకు వీరుడు అకిలీస్ కోపమే ఇలియడ్ కథకు మూలం. ఆ కోపం ఎలా తణిగింది, ఎవరి కన్నీళ్లకు తణిగింది అన్నది పిల్లలు వెతికి తేవాలి.

ఎక్కడ రాసుంది?

వెతకడమంటే దొరికింది నమ్మేయడం కాదు. 'ఇది ఎక్కడ రాసుంది?' అని అడగడం. గ్రీకు కథలు దీనికి బాగా పనికొస్తాయి. అకిలీస్‌కు మడమ ఒక్కటే బలహీనమని అందరూ అంటారు. హోమర్ ఇలియడ్ మొత్తం వెతికినా ఆ మాట లేదు. వందల ఏళ్ల తర్వాత వచ్చిన కవుల్లో కనిపిస్తుంది. పండోరా పెట్టె అంటాం. పాత కవి హీసియడ్ చెప్పింది పెద్ద కుండ గురించి. 16వ శతాబ్దంలో ఎరాస్మస్ లాటిన్‌లోకి మారుస్తూ పెట్టె చేశాడు. అట్లాస్ భూగోళాన్ని మోస్తున్నట్టు బొమ్మలేస్తారు. కథలో అతను మోసింది ఆకాశాన్ని. హెర్క్యులిస్ అన్న పేరు కూడా రోమన్లది, గ్రీకులు హెరాక్లీస్ అన్నారు. ఒక్కొక్కటీ ఒక్కో పిల్లాడికి ఇచ్చి తేల్చుకురమ్మంటే వాళ్లలో కాస్త పోలీసు గర్వం వస్తుంది.

అదే ప్రశ్న మన కథలకూ వేయాలి. శోళవరం నుంచి ఉత్తరంగా పోతే చిన్నంబేడు దగ్గర శిరువాపురి. కొత్త ఇల్లు కావాలని మొక్కుకునే మురుగన్ గుడి అని అందరికీ తెలుసు. తమిళంలో శిరువర్ అంటే పిల్లలు, పోర్ అంటే యుద్ధం. లవకుశులు రాముడితో యుద్ధం చేసిన ఊరు కనుక ఆ పేరొచ్చిందని స్థలపురాణం. 1963లో వచ్చిన లవకుశ సినిమా చూసిన పెద్దవాళ్లకు ఆ యుద్ధం కళ్లకు కట్టినట్టుంటుంది. కానీ వాల్మీకి రామాయణం ఉత్తరకాండలో లవకుశులు రామాయణం పాడతారు, తండ్రితో యుద్ధం చేయరు. ఆ యుద్ధం తర్వాతి పుస్తకాల్లో వస్తుంది. అలాగని ఊరి కథ అబద్ధమని పిల్లాడికి చెప్పకూడదు. అకిలీస్ మడమ లాగే ఇదీ తర్వాత పెరిగిన కొమ్మ. ఎప్పుడు పెరిగింది, ఎవరు నీళ్లు పోశారు అన్నదే పరిశోధన. ముందు గ్రీకు కథ మీద ఈ పరీక్ష చేయించి తర్వాత మన కథకు వస్తే ఎవరి మనసూ నొచ్చుకోదు. వరస తిరగేస్తే మాత్రం ఇంటి నుంచి గొడవ ఖాయం.

మద్రాసులోనే జరిగింది

తెలుగు పిల్లలకు గ్రీకు కథలేమిటని నవ్వేవాళ్లు ఒక్కసారి చందమామను తలచుకోవాలి. 1947 జులైలో మద్రాసులో మొదలైంది. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో పోయేదాకా అందులో పనిచేశారు. 'భువనసుందరి' అని ఒక సీరియల్, 'రూపధరుడి యాత్రలు' అని ఇంకొకటి వచ్చాయి. మొదటిది హోమర్ ఇలియడ్, రెండోది ఒడిస్సీ. హెలెన్‌ను భువనసుందరి అన్నారు, ఒడిస్సియస్‌ను రూపధరుడు చేశారు. పల్లెటూళ్లలో పిల్లలు అది పరాయిదేశం కథని తెలియకుండానే నెలనెలా ఎదురుచూసి చదివారు. పక్కింటి తమిళ పిల్లాడికి అంబులిమామ ఉండేది. చందమామ 2013 నాటికి ఆగిపోయింది. పాత సంచికలు మాత్రం ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి.

అందులోంచి ఒక మంచి పని పుడుతుంది. గ్రీకు వీరులకు తెలుగు పేర్లు పెట్టమని పిల్లల్ని అడగండి. తలనిండా పాములున్న మెడూసాను ఏమంటారు? మైనపు రెక్కలతో ఎగిరి సూర్యుడికి దగ్గరగా పోయి పడిపోయిన ఇకారస్‌ను? పేరు పెట్టాలంటే కథ తెలియాలి, తెలుగు మాట తెలియాలి. రెండోది దొరక్క మళ్లీ అవ్వ దగ్గరికే పోతారు.

ఈ నేల నుంచే వెళ్లి ఇలాంటి పని పెద్దెత్తున చేసినాయన ఒకరున్నారు. 1888లో తిరుత్తణిలో తెలుగింట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్. 1936 నుంచి 1952 దాకా ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాల ఆచార్యుడు. తూర్పు మతాలు, పడమటి ఆలోచన మీద 1939లో ఆయన అచ్చువేసిన పుస్తకంలో గ్రీసుకూ భారతదేశానికీ ఉన్న సంబంధాల మీద పెద్ద చర్చే ఉంది. ఏటా సెప్టెంబరు 5న ఆయన ఫొటోకు దండేస్తాం, ఆ పుస్తకం సంగతి పిల్లలకు చెప్పం.

నోట్లో ఉంది.. చేతిలో లేదు

ఇక అసలు విషయం. ఇదంతా ఏ భాషలో రాయించాలి? తెలుగులోనే.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. శోళవరం వైపు ముందు నుంచీ చెంగల్పట్టు జిల్లాలోదే, 1997 నుంచి తిరువళ్లూరు జిల్లా అయింది. హద్దులు ఎటు మారినా ఇంట్లో మాట తెలుగే. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ వచ్చి 2015-16లో పదో తరగతికి చేరింది. మినహాయింపు కోసం భాషా మైనారిటీల వాళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. తమిళం నేర్చుకోవడంలో తప్పేమీ లేదు. ఉండేది ఇక్కడ, బతుకూ ఇక్కడే. కానీ పరీక్షలో లెక్కకు రాని భాషకు బళ్లోనూ ఇంట్లోనూ చోటు తగ్గుతుంది.

అలా తెలుగు నోటికే పరిమితమైపోతోంది. తెలుగు మాటను తమిళ అక్షరాల్లో రాసుకునే పిల్లలున్నారు. ఆ రాతలో 'గంగ', 'కంక' ఒకేలా ఉంటాయి. భీముడికీ పీముడికీ తేడా ఉండదు. వినేవాళ్లున్నంత కాలం ఇబ్బంది తెలీదు. అవ్వ పోయాక ఆ కాగితం చదివేవాడికి ఏ మాటో అంతుపట్టదు.

వ్యాకరణం, వల్లెవేత అని కూర్చోబెడితే పిల్లలు పారిపోతారు. కథ కోసమైతే రాస్తారు. వారానికి ఒక్క గంట చాలు, అది బళ్లోనే జరగాలనీ లేదు. గుడి మండపంలో అయినా, శనివారం ఎవరింటి వసారాలో అయినా నడుస్తుంది. ఆరో తరగతివాళ్లు అవ్వ చెప్పింది చెప్పినట్టు రాసుకొస్తే చాలు, 'వచ్చినాడు, పోయినాడు' అని యాసలో రాసినా దిద్దొద్దు. ఏడో తరగతి వాళ్లు రెండు కథలూ కలిపి పోల్చాలి. ఎనిమిదో తరగతి వాళ్లు మాత్రం ఎవరు చెప్పారు, ఏ పుస్తకం, ఏ ఊరు అన్నది కింద తప్పకుండా రాయాలి. సెలవుల్లో ఒకరోజు ఎగ్మూరులోని కన్నెమెరా లైబ్రరీకి తీసుకుపోతే తెలుగు పుస్తకాల అల్మారాలు కళ్లారా చూస్తారు. 1896లో తెరిచిన ఆ లైబ్రరీకి దేశంలో అచ్చయ్యే పుస్తకాలన్నీ చేరాలన్నది చట్టం.

మొదలెట్టడానికి ఒక ప్రశ్న ఇస్తాం. కోయంబేడు అంటే కూరగాయల మార్కెట్టే గుర్తొస్తుంది గానీ, రాముడి అశ్వమేధ గుర్రాన్ని లవకుశులు పట్టి కట్టేసింది అక్కడేనని ఆ ఊరి గుడి కథ. యుద్ధం జరిగిందేమో ఇటు శిరువాపురిలో అంటారు. ఆ రెండిటి నడుమ దారి మన శోళవరం మీదుగానే. మరి ఆ రోజు రాముడి సేన ఇక్కడెక్కడైనా ఆగిందా, చెరువు గట్టున గుర్రాలకు నీళ్లు పెట్టిందా? ఇంట్లో పెద్దవాళ్లేమంటారో అడిగి, తెలుగులో రాసుకు రమ్మనండి.