ఏ బాయి? ఏ షిఫ్టు? ఎవరి పిల్లలు?

ప్లేస్‌మెంట్ సీజన్ మొదలైందంటే హాస్టల్ కారిడార్లలో ఒకటే పేరా వినిపిస్తుంది. "ఐ యామ్ ఫ్రమ్ గోదావరిఖని. మై ఫాదర్ ఈజ్ ఎ సింగరేణి ఎంప్లాయీ. మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్. మై హాబీస్ ఆర్ లిజెనింగ్ టు మ్యూజిక్ అండ్ ప్లేయింగ్ క్రికెట్." ముందు పేరొక్కటి మారిస్తే మన బ్యాచ్‌లో సగం మందికి ఇది సరిపోతుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఎదురుగా కూర్చున్నాయన పొద్దటి నుంచి ఇదే పేరా ఇరవై సార్లు విని ఉంటాడు. చెప్పినవాళ్లలో ఒక్కరి ముఖం కూడా ఆయనకు గుర్తుండదు.

"మీ గురించి చెప్పండి" అంటే మూడు సంగతులు అడుగుతున్నట్టు: ఏం పని చేశారు, ఏ ఇంటి నుంచి వచ్చారు, తీరిక దొరికితే ఏం చేస్తారు. బొగ్గు గనుల ప్రాంతం పిల్లలకు ఈ మూడింటికీ చెప్పుకోదగ్గ జవాబులున్నాయి. వాటిని ఎట్ల పట్టుకోవాలో చూద్దాం.

మన దగ్గర పరిచయం ఎట్ల జరుగుతుంది

ఖనిలో ఏ పెళ్లికి పోయినా, ఏ కిరాణా దుకాణం ముందు నిలబడ్డా పెద్దమనిషి అడిగే ప్రశ్నలు ఇవే. "ఎవరి పిల్లలు? మీ బాపు ఏ బాయిల చేస్తడు? ఇయ్యాల ఏ షిఫ్టు?" వేరే జిల్లాల దోస్తుల కోసం ఒక మాట: బాయి అంటే ఇక్కడ నీళ్ల బావి కాదు, బొగ్గు గని. "టూ ఇంక్లైన్", "లెవెన్ ఇంక్లైన్" అని గని పేరు చెబితే చాలు, మీ క్వార్టర్ ఏ కాలనీలో ఉండొచ్చో, మీ ఇంట్లో ఈ పూట ఎవరు పడుకొని ఉంటారో అడిగినాయనకు తెలిసిపోతుంది. నైట్ షిఫ్టు అంటే ఇంటికి పొద్దున పోవద్దని కూడా అర్థమవుతుంది.

దీనికి కారణం ఊరి పుట్టుకలోనే ఉంది. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది. అందుకే ఏటా డిసెంబర్ 23న సింగరేణి దినోత్సవం చేస్తారు. బొగ్గు కోసం కొత్తగూడెం, బెల్లంపల్లి లాంటి ఊళ్లు పెరిగినట్టే గోదావరి ఒడ్డున మన ఖని పెరిగింది. చుట్టుపక్కల పల్లెల వాళ్లు, దూరపు జిల్లాల వాళ్లు, పక్క రాష్ట్రాల వాళ్లు బతుకుదెరువుకు వచ్చి పక్కపక్క క్వార్టర్లలో దిగారు. ఒకరి ఊరు ఇంకొకరికి తెలియదు, బాయి మాత్రం అందరికీ తెలుసు. అట్ల పనే ఇంటిపేరు లాగా అయింది.

ఇంగ్లండ్ పక్కనున్న వేల్స్ బొగ్గు ఊళ్లలోనూ ఇట్లాంటిదే ఉండేది. అక్కడ జోన్స్, డేవిస్, ఇవాన్స్ అనే ఇంటిపేర్లే ఎక్కువ. ఎవరు ఎవరో తెలియడానికి పేరుకు చేసే పనిని తగిలించి పిలిచేవారు.

ఇది ఊర్లో నడిచే పరిచయం. హైదరాబాద్‌లోనో పుణేలోనో "లెవెన్ ఇంక్లైన్" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. పైగా కాలం కూడా మారింది. 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న సింగరేణి కార్మికులు ఇప్పుడు సుమారు నలభై వేలు. బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్ కాస్టుల నుంచే వస్తోంది. బాపు డ్యూటీ మనకు వస్తుందన్న ధీమా చాలా ఇండ్లల్లో పోయింది. కాబట్టి మనల్ని ఎన్నడూ చూడని మనిషికి మనమెవరమో మనమే చెప్పుకోవాలి.

పని: "ఎంప్లాయీ" అనే మాట ఏం దాస్తుంది

"సింగరేణి ఎంప్లాయీ" అన్నప్పుడు జనరల్ మేనేజర్, గనిలో పంపు నడిపే మనిషి ఒకే మాటలో కలిసిపోతారు. అసలు హోదా చెప్పండి. ఆ హోదా పేర్లలోనే బోలెడంత ఇంజనీరింగ్ ఉంది.

బదిలీ ఫిల్లర్ అంటే పర్మనెంట్ కార్మికుడు రానిరోజు అతని బదులు దిగే మనిషి. ఏడాదిలో భూగర్భ గనిలో 190 మస్టర్లు, ఉపరితలంలో అయితే 240 మస్టర్లు నింపితేనే జనరల్ మజ్దూర్ అయ్యే అవకాశం. మస్టర్ అంటే హాజరు. డెబ్బై అయిదు శాతం అటెండెన్స్‌కే కిందా మీదా పడే మనం ఈ లెక్క ఒకసారి గుర్తు చేసుకోవాలి.

కోల్ ఫిల్లర్ అంటే పేల్చినాక రాలిన బొగ్గును తట్టా చెమ్మస్‌తో ఎత్తి టబ్బులు నింపినవాడు. తర్వాత ఆ పనిలోకి ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చాయి. చేతి పని నుంచి యంత్రానికి మారడం అనే పాఠం కొందరి ఇండ్లల్లో ఒకే మనిషి సర్వీసులో జరిగిపోయింది.

టింబర్‌మన్ పైకప్పుకు దన్ను పెట్టేవాడు. ఒకప్పుడు కర్ర దిమ్మెలు, ఇప్పుడు ఎక్కువగా రూఫ్ బోల్టులు. సివిల్ వాళ్లు క్లాసులో చదివే లోడ్ లెక్కను ఆయన కప్పు మీద తట్టి, చప్పుడు విని అంచనా వేస్తాడు.

మైనింగ్ సర్దార్ షిఫ్టు మొదట్లో పని స్థలం తనిఖీ చేసి, గ్యాస్ ఉందేమో చూసి, మనుషులను పనిలోకి పంపేవాడు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు తగిలితే పేలుతుంది. 1815లో హంఫ్రీ డేవీ ఇంగ్లండ్‌లో తయారుచేసిన సేఫ్టీ ల్యాంప్‌లో మంట చుట్టూ జాలీ ఉంటుంది. గ్యాస్ ఉంటే మంట మీద నీలి టోపీ కనబడుతుంది. ఇప్పుడు ఎలక్ట్రానిక్ డిటెక్టర్లు వచ్చినా సూత్రం చదవాల్సిందే.

ఇక హాలర్ నడిపేవాళ్లు, ఫ్యాన్ చూసేవాళ్లు, బొగ్గు తీసిన ఖాళీల్లోకి నీళ్లతో ఇసుక పంపే స్టోయింగ్ వాళ్లు ఉన్నారు. మీ ఇంట్లో ఎవరు ఏ పని చేసినా దానికి మీ బ్రాంచితో ఒక దారి కలుస్తుంది. ఆ దారి వెతికి చెప్పండి.

కుటుంబం: "హౌస్‌వైఫ్" అన్నాక ఇంకా చెప్పాల్సింది

అమ్మ గురించి ఒక్క మాటతో సరిపెట్టకండి. షిఫ్టు మారినప్పుడల్లా ఇంటి గడియారం మారుతుంది. మార్నింగ్ షిఫ్టుకు తెల్లవారుజామునే టిఫిన్ డబ్బా, సెకండ్ షిఫ్టుకు అర్ధరాత్రి అన్నం, నైట్ షిఫ్టు అయితే పగలంతా పిల్లల చప్పుడు ఆపడం. ఇంత ప్లానింగ్ చేసిన మనిషిని "ఏం చెయ్యదు" అన్నట్టు చెప్పడం అన్యాయం. కుట్టుమిషనో, చిట్టీలో, బీడీలో ఉంటే అవీ పనే.

ఇంటికి రావాల్సిన టైము దాటితే గుమ్మంలోకి వచ్చి చూసే అలవాటు ఈ ఇండ్లల్లో ఊరికే రాలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని సెవెన్ ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. ఇంటర్వ్యూలో సేఫ్టీ గురించి అడిగితే మనం పుస్తకం తిప్పాల్సిన పని లేదు. అది మన ఇండ్లల్లో రోజూ నడిచే మాట.

ఆడపిల్లలకు ఇంకొక సంగతి. 1952 మైన్స్ యాక్ట్ ఆడవాళ్లు భూగర్భ గనుల్లో పని చేయకూడదని నిషేధించింది. 2019లో కేంద్రం కొన్ని షరతులతో సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజ్‌మెంట్ పనులకు అనుమతి ఇచ్చింది. మైనింగ్ బ్రాంచి చదివే అమ్మాయి "మా బాపు బాయిల చేసిండు, నేను కూడా దిగుతా" అనొచ్చు. వాళ్ల అమ్మ కాలంలో ఆ మాటకు తావే లేదు.

రెండు పేర్ల చిక్కు

కుటుంబం అనే ప్రశ్నలో మన ప్రాంతపు పిల్లలు కొందరు ఆగిపోయే చోటు ఒకటుంది. తండ్రి పేరు.

ఒక కాలంలో అన్న పేరు మీద తమ్ముడు, తెలిసినవాళ్ల పేరు మీద ఇంకొకరు బాయి పనిలో చేరారు. పనికి చేరిన పేరే మస్టర్‌లో నిలిచిపోయింది. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, కంపెనీ రికార్డులో పేరు ఇంకొకటి. మారుపేర్లు అంటే ఖనిలో చిన్న పిల్లలకు కూడా అర్థమవుతుంది. ఆ మనుషులు పాతికేళ్లు, ముప్పయ్యేళ్లు దిగింది మాత్రం నిజమైన గనిలోకే, మోసింది నిజమైన బొగ్గే.

చిక్కు పిల్లల దగ్గర బయటపడింది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేశాక, కార్మికుడు చనిపోయినా, పనికి అన్‌ఫిట్ అయినా ఇచ్చే కారుణ్య నియామకాలు మిగిలాయి. దరఖాస్తు పెట్టిన కొడుకు టెన్త్ మెమోలో తండ్రి పేరు ఒకటుంటే, కంపెనీ కాగితంలో ఇంకొకటి ఉంది. "మా బాపు ఈయనే" అని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. మారుపేర్లు సరిచేయాలన్న డిమాండ్‌ను కార్మిక సంఘాలు ఏళ్ల తరబడి వినిపిస్తున్నాయి.

ప్రైవేటు కంపెనీలో చేరేవాళ్లకు కూడా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉంటుంది. అందుకే ఆఫర్ రాకముందే కాగితాలు ముందేసుకోండి. టెన్త్ మెమో, ఆధార్, పాన్, బ్యాంకు ఖాతాలో తండ్రి పేరు ఒకే తీరుగా ఉందో లేదో చూడండి. తేడా ఉంటే ఫారంలో ఊహించి రాయకుండా తెలిసిన లాయరును అడిగి ముందే దారి చూసుకోండి. ఇంటర్వ్యూలో ఈ కథంతా చెప్పాల్సిన అవసరం లేదు. సిగ్గుపడాల్సిన అవసరం అసలే లేదు.

అభిరుచి: షిఫ్టు వదిలిన టైములో పుట్టింది

సింగరేణిలో కార్మికుల ఆటల కోసం వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ ఉంది. రక్షణ పక్షోత్సవాలు, రెస్క్యూ పోటీలు జరుగుతాయి. కాలనీ గ్రౌండ్లలో వాలీబాల్, కబడ్డీ, గల్లీల్లో బతుకమ్మ పాటలు, సంఘాల పాటలు, క్వార్టర్ వెనుక నాలుగు వంకాయ చెట్లు... ఇవన్నీ అభిరుచులే. "మ్యూజిక్" అనే బదులు మీరు ఏ పాట నేర్చుకున్నారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పండి. "క్రికెట్" అంటే బ్యాటింగా, టోర్నమెంటుకు చందాలు పోగు చేసే బాధ్యతా? రెండోది నిజానికి పెద్ద అర్హత. తర్వాతి ప్రశ్న వస్తే ఆగకుండా రెండు నిమిషాలు మాట్లాడగలిగిందే మీ అభిరుచి, తక్కినవి వదిలేయండి.

మూడూ కలిపితే

ఈఈఈ చదివే ఒక అమ్మాయి ఇట్ల చెప్పొచ్చు. ఇంగ్లిష్‌లోకి మీరే మార్చుకోండి.

"నేను గోదావరిఖనిలో, గని కాలనీలో పెరిగాను. మా నాన్న భూగర్భ గనిలో పంప్ ఆపరేటర్. బదిలీ వర్కర్‌గా మొదలుపెట్టాడు. పంపు ఆగితే కింద మనుషులకు ఏమవుతుందో మా ఇంట్లో తరచూ వచ్చే ముచ్చట. అందుకే నీళ్లు లేకుండా తిరిగే మోటారు దానంతటదే ఆగిపోయే సర్క్యూట్‌ను మినీ ప్రాజెక్టుగా చేశాను. మొదట రెండుసార్లు రిలే కాలిపోయింది, మూడోసారి నిలబడింది. మా అమ్మ మూడు షిఫ్టుల ఇల్లు నడుపుతూ బట్టలు కుడుతుంది. లెక్క రాసిపెట్టుకోవడం ఆమె దగ్గర నేర్చుకున్నాను. కాలనీ జట్టులో వాలీబాల్ సెట్టర్‌ని. పాయింటు కొట్టేది వేరేవాళ్లు, బంతి లేపేది నేను."

నిమిషంలో అయిపోతుంది. ఇందులో పని ఉంది, ఇల్లు ఉంది, ఆట ఉంది. పక్క కుర్చీలోని మనిషి దీన్ని కాపీ కొట్టలేడు. రిలే ఎందుకు కాలిందని ప్యానెల్ అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర జవాబు ఉంది.

మీది రాసుకునే ముందు ఒక ఆదివారం ఇంటికి పోండి. నైట్ షిఫ్టు చేసి వచ్చిన రోజైతే బాపును నిద్ర పోనివ్వండి, లేచి చాయ్ తాగినాక అడగండి. మొదటి మస్టర్ ఏ గనిలో పడ్డది? మొదటి రోజు కిందికి దిగినప్పుడు పక్కన ఎవరున్నరు? ఏ పని చేసేటప్పుడు భయమైంది, ఏ పని బాగా వచ్చు? ఇవే ప్రశ్నలు అమ్మను కూడా ఆమె పని గురించి అడగండి. జవాబులు వాళ్ల మాటల్లోనే నోట్‌బుక్‌లో రాసుకోండి.