పిలక ముదిరేలోగా

మార్చి వచ్చిందంటే క్రొయేషియాలోని ఇస్ట్రియా ద్వీపకల్పంలో, ఇటలీ, స్పెయిన్ పల్లెల్లో జనం ఆలివ్ తోటల అంచుల్లో, రాళ్ళగట్ల వెంట ముళ్ళపొదలు తడుముతూ కనిపిస్తారు. వాళ్ళు వెతికేది అడవి ఆస్పరాగస్ పిలకల కోసం. శాస్త్రీయ నామం ఆస్పరాగస్ అక్యుటిఫోలియస్. సూపర్ మార్కెట్లో కట్టలు కట్టి అమ్మే ఆస్పరాగస్‌కు ఇది దగ్గరి చుట్టమే. కాకపోతే పిలక పెన్సిల్ కన్నా సన్నం, ఊదా కలిసిన ముదురాకుపచ్చ రంగు, నాలుకకు తగిలే చేదు. ఆ చేదు కోసమే దీన్ని ఇష్టపడేవాళ్ళు ఎక్కువ.

దీన్ని వండేవాళ్ళు కొన్ని పద్ధతులు పాటిస్తారు. కత్తితో కాకుండా చేత్తో విరుస్తారు. ఎక్కువసేపు ఉడకనివ్వరు. నిమ్మరసం ఆఖర్లోనే పిండుతారు. గుడ్లతో కలిపి వండుతారు. వట్టి అలవాట్లలా కనిపించే ఈ పద్ధతులన్నిటికీ ఆ మొక్క స్వభావంలోనే కారణాలున్నాయి.

విరిగినంతవరకే లేత

ఈ పొదకు ఆకుల్లా కనిపించే సూదులు నిజానికి ఆకులు కావు, రూపం మార్చుకున్న కొమ్మలు. అసలు ఆకులు పొలుసుల్లా చిన్నవై కాండాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. వసంతంలో భూమిలోని కాండం నుంచి లేత పిలకలు లేస్తాయి. కొద్ది రోజుల్లోనే అవి కొమ్మలేసి, గట్టిపడి ముళ్ళపొదగా మారిపోతాయి. మనం తినేది ఆ కొద్ది రోజుల దశను.

పిలకను గట్టిపరిచే పదార్థం లిగ్నిన్. కర్రకు బలమిచ్చేదీ ఇదే. అది పిలక అడుగున మొదలై పైకి పాకుతుంది కాబట్టి ఎంతవరకు లేతగా ఉందో కంటికి తెలియదు, వేళ్ళకు తెలుస్తుంది. పిలకను కడిగి, కొన దగ్గర మొదలుపెట్టి అంగుళం అంగుళంగా విరుస్తూ కిందికి రండి. టప్పున విరిగిందంటే లేత. విరగకుండా వంగి నార సాగిందంటే అక్కడితో ఆపెయ్యాలి. మిగిలిన ముదురు మొదళ్ళను నీళ్ళలో మరిగించి వడకడితే సూప్‌కు పనికొస్తుంది.

కోసిన తర్వాత కూడా పిలక ఊపిరి తీస్తూనే ఉంటుంది. కూరగాయల్లో శ్వాసక్రియ వేగం బాగా ఎక్కువగా ఉన్నవాటిలో ఆస్పరాగస్ ఒకటి. గంటలు గడిచేకొద్దీ అందులోని చక్కెర ఖర్చయిపోతుంది, నార పెరుగుతుంది. అందుకే తడిగుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి, ఒకటి రెండు రోజుల్లో వండేయాలి.

చేదు, రంగు

చేదుకు ముఖ్య కారణం సపోనిన్లనే పదార్థాలు. మన కుంకుడుకాయ నురగ కట్టడానికి కారణమైనవీ ఈ కోవకు చెందినవే. ఇవి నీళ్ళలో కరుగుతాయి. చేదు తగ్గాలనుకుంటే విరిచిన ముక్కలను మరిగే ఉప్పునీళ్ళలో రెండు మూడు నిమిషాలుంచి, ఆ నీళ్ళు పారబోయాలి. చేదు ఇష్టమైతే నేరుగా పెనం మీదికి వెళ్ళవచ్చు.

మరిగే నీళ్ళలో పడగానే పిలక రంగు ఒక్కసారిగా నిగనిగలాడుతుంది. కణాల మధ్య చిక్కుకున్న గాలి బయటికి పోయి, లోపలి పచ్చదనం స్పష్టంగా కనబడటమే దీనికి కారణం. ఇంకాసేపు ఉడికితే కణాలు చిట్లి వాటిలోని ఆమ్లాలు బయటపడతాయి. పత్రహరితం అణువు నడుమ ఉండే మెగ్నీషియం స్థానాన్ని హైడ్రోజన్ ఆక్రమిస్తుంది, ఆకుపచ్చ కాస్తా మాసిన గోధుమరంగుకు తిరుగుతుంది. మూత పెట్టకుండా ఉడికిస్తే కొన్ని ఆమ్లాలు ఆవిరితో పోతాయి. నిమ్మరసం ముందే పిండితే ఆమ్లాన్ని మనమే చేర్చినట్టవుతుంది. వంటసోడా వేస్తే రంగు నిలుస్తుంది గానీ పిలక మెత్తబడి ముద్దవుతుంది, విటమిన్లూ పోతాయి.

త్వరగా దించాలన్న సంగతి రోమన్లకూ తెలుసు. అగస్టస్ చక్రవర్తి ఏ పనైనా చిటికెలో కావాలంటే ఆస్పరాగస్ ఉడకడంతో పోల్చి చెప్పేవాడని చరిత్రకారుడు సుటోనియస్ రాశాడు. అపీషియస్ పేరుమీద దొరుకుతున్న ప్రాచీన రోమన్ వంటల గ్రంథంలో ఆస్పరాగస్, గుడ్లు కలిపి చేసే వంటకాలున్నాయి.

గుడ్లతో జోడీ

ఇస్ట్రియా ఇళ్ళలో ఈ రోజుకీ చేసేది గుడ్ల వంటకమే. రెండు గుప్పెళ్ళ ముక్కలకు నాలుగు గుడ్లు చాలు. పెనంలో రెండు చెంచాల ఆలివ్ నూనె వేడిచేసి, ముక్కలు వేసి మూడు నాలుగు నిమిషాలు మగ్గించాలి. ఉప్పు వేసి గిలక్కొట్టిన గుడ్లు పోసి, మంట తగ్గించి నెమ్మదిగా కలపాలి. గుడ్డులోని ప్రొటీన్లు 60 డిగ్రీలు దాటగానే బిగుసుకోవడం మొదలుపెడతాయి. మంట పెంచితే నీరు విడిచి రబ్బరులా సాగుతాయి. ఇంకాస్త జారుగా ఉండగానే పొయ్యి కట్టేస్తే ఆ వేడికే పూర్తిగా ఉడుకుతుంది. పచ్చసొనలోని కొవ్వు చేదు పదును తగ్గిస్తుంది.

ముక్కలను మాడ్చకపోవడానికీ ఒక కారణముంది. 1806లో పారిస్‌లో వోక్లాఁ, రోబికే అనే రసాయన శాస్త్రవేత్తలు ఆస్పరాగస్ రసం నుంచి ఆస్పరాజిన్‌ను వేరుచేశారు. మానవుడు వేరుచేసిన మొట్టమొదటి అమైనో ఆమ్లం అదే. 120 డిగ్రీలు దాటిన పొడి వేడిలో అది చక్కెరలతో కలిసి కమ్మని వాసననిస్తుంది, దాంతోపాటు అక్రిలమైడ్ అనే హానికర పదార్థాన్నీ పుట్టిస్తుంది. ముక్క బంగారు రంగు తిరిగితే చాలు, నల్లబడనివ్వకూడదు.

మన చుట్టం

ఈ మొక్కకు మన అడవుల్లోనూ చుట్టం ఉంది. అదే పిల్లితీగ, అంటే శతావరి. అవే సూదులు, చిన్న తెల్లని సువాసన పూలు, ఎర్రని పళ్ళు. నేపాల్‌లో దీని పిలకలను కురిలో పేరుతో కూరగా వండుకుంటారు. మన దగ్గర మందుల కోసం వేర్లు తవ్వుతారు. మొక్కను గుర్తుపట్టడంలో ఏమాత్రం అనుమానమున్నా అడవి పిలక నోట పెట్టకూడదు. ఆస్పరాగస్ జాతుల ఎర్రటి పళ్ళు తింటే వాంతులు కావచ్చు, పిల్లలకు అందనివ్వొద్దు.

మధ్యధరా పల్లెల వాళ్ళు పిలక మాత్రమే కోసి, భూమిలోని కాండాన్ని ముట్టుకోరు. అందుకే ఒకే పొద ఏటా మళ్ళీ పిలకలేస్తుంది. వేర్ల కోసం పిల్లితీగను మొత్తంగా పెకలించే చోట ఆ అవకాశమే ఉండదు. శతావరి వేర్లు కావాలంటే సాగుచేసిన తోటల నుంచే తీసుకోవాలి. అడవిలోని దుబ్బులను అడవికే వదిలేయాలి.