వేసవి విహారం – వేళ చూసుకుని వెళ్దాం



పరీక్షలు అయిపోయాయి. వి.బి.ఎస్. ముగియగానే పిల్లలు ఎక్కడికైనా వెళ్దామని అడుగుతారు. తప్పక తీసుకువెళ్లండి. ప్రభువు కూడా తన శిష్యులకు విశ్రాంతి అవసరమని చెప్పారు కదా! అయితే వేళ ముఖ్యం. 2015 మే నెలలో వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వందలాది మంది చనిపోయారు.

చెమట ఆరినప్పుడే ఒళ్లు చల్లబడుతుంది. ఒంట్లో నీరు తగ్గితే చెమట తగ్గి, వేడి లోపలే పెరిగిపోతుంది. వృద్ధులకు దాహం సరిగా తెలియదు. అడిగేదాకా ఆగకుండా మీరే నీళ్లు అందించండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఎంత తాగాలో డాక్టరుగారిని అడగాలి.

తోటకైనా, చెరువుగట్టుకైనా ఉదయం 10 గంటలలోపు లేదా సాయంత్రం 5 తరువాత వెళ్లండి. మధ్యాహ్నం ఇంటిపట్టునే అష్టాచెమ్మా, క్యారమ్స్ ఆడుకోండి, కుట్లు అల్లికలు నేర్చుకోండి, అమ్మమ్మ చేత కథలు చెప్పించుకోండి. ఆగి ఉన్న కారులో పిల్లలను ఒక్క నిమిషం కూడా వదలవద్దు.

ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి తికమకపడుతుంటే అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చేయండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరండి. తెలివి లేకపోతే నోట్లో నీళ్లు పోయవద్దు. చాలామంది రోగిని తడపకుండానే ఆటోలో పరుగున తెస్తారు. దారిలో పోయే ఆ నిమిషాలే ప్రాణం మీదికి తెస్తాయి. చల్లబరచడం మీ దగ్గరే మొదలవ్వాలి.

దేవుడు మీ కుటుంబాలను కాపాడును గాక!