పరదేశమున పరిశోధక విద్యార్థి

తెలుగు మాధ్యమమున చదివిన పిల్లవాడు విదేశమునకు పోయి డాక్టరేటు చదువగలడా, పోయినను అచ్చట నిలద్రొక్కుకొనగలడా యని మన పాఠశాల పిల్లల తల్లిదండ్రులు మమ్ము తఱచుగా అడుగుచుందురు. ఈ ప్రశ్న వెనుకనున్న భయము మేమెఱుగుదుము. ఇంట తెలుగు, వీథిలో కన్నడము, పై చదువులలో ఇంగ్లీషు. ఈ మూడింటి నడుమ పిల్లవాడు ఏ యొడ్డునకును చేరడేమో యని వారి దిగులు. దీనికి ఊరడింపు మాటలతో బదులు చెప్పుట కంటె, ఈ నేలపై పుట్టిన యొక తెలుగు విద్యార్థి ఏ విధముగా పరదేశమున కుదురుకొనెనో విప్పి చూచుట మేలని తలచితిమి.

ముందుగా డాక్టరేటు చదువనగా నేమో తెలియవలెను. కొన్ని దేశములలో తొలి ఒకటి రెండేండ్లు పాఠములు, పరీక్షలు ఉండును. కాని అసలు పని అది కాదు. విద్యార్థి ఒక ప్రశ్న నెన్నుకొని, దానికి ఇంతవఱకు ఎవ్వరును చెప్పని సమాధానమును వెదకి, గ్రంథముగా వ్రాసి, పండితుల యెదుట సమర్థించుకొనవలెను. ఇంగ్లండులో దీనికి సాధారణముగా మూడు నాలుగేండ్లు, అమెరికాలో ఐదారేండ్లు పట్టును. ఇంతకాలమును దారి చూపువాడు ముఖ్యముగా ఒక్క గురువే. కావున ఈ విద్యార్థి స్థిరపడుట యనగా గది దొరకుట, చలి కలవాటుపడుట మాత్రమే కాదు. ఒక గురువు వద్ద, ఒక పనిలో, తనకొక చోటు సంపాదించుకొనుట. ప్రయాణపు దినములలో ఊరగాయ జాడీలను గూర్చి మన యిండ్లలో జరుగు చర్చలో పదియవ వంతైనను ఆ గురువును గూర్చి జరుగదు!

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10వ తేదీన హడగలిలో జన్మించెను. హడగలి అప్పుడు మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లాలోనిది. 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రమున చేరినది. 2021లో బళ్లారి నుండి విడిపోయిన విజయనగర జిల్లాలో ఇప్పుడున్నది. పదిమంది సంతానములో ఎనిమిదవవాడు గనుక, దేవకి ఎనిమిదవ కుమారుని పేరు పెట్టిరి. తండ్రి పోలీసు శాఖలో ఉద్యోగి. బదిలీల మూలమున బాలుని చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో సాగెను. ప్రతి దినమును తెల్లవాఱుజామున 4 గంటలకు తన్ను లేపి, నూనెదీపము వెలిగించి చదువుటకు కూర్చుండబెట్టినది తల్లియేనని ఆయన పిదప కృతజ్ఞతతో వ్రాసికొనెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితశాస్త్రము చదివి, ఉద్యోగము వెదకికొనుచు కలకత్తా పోయి, 1941లో మహలనోబిస్ నడపుచున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటులో చేరెను. అచ్చట నేర్చినది సాంఖ్యక శాస్త్రము, అనగా అంకెల కుప్ప నుండి నిజమును వడగట్టు విద్య. ఇంగ్లండునకు పోవుటకు ముందే ఆయనకు ఒక పరభాషా నగరమున ఐదేండ్ల కాపురము గడచినదని గమనింపుడు.

1946లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు పురావస్తు ప్రదర్శనశాల నుండి కలకత్తాకు కబురు వచ్చెను. సూడాను దేశమున, రెండు నైలు నదుల నడుమ, జెబెల్ మోయా అను కొండ వద్ద హెన్రీ వెల్కమ్ అనువాడు 1910 నుండి 1914 వఱకు ప్రాచీన శ్మశానమును త్రవ్వించి యుండెను. ఆ యెముకల కొలతలు కేంబ్రిడ్జిలో ఉన్నవి. ఆ మనుష్యులు ఏ జాతులకు దగ్గఱివారు, ఏ జాతులకు దూరమువారు అని తేల్చవలెను. పుఱ్ఱె పొడవు, వెడల్పు, ముఖపు ఎత్తు మొదలగు కొలతలను వేర్వేఱుగా గాక అన్నిటిని కలిపి, రెండు జనసమూహముల నడుమ దూరమును ఒక్క సంఖ్యగా చెప్పు పద్ధతిని మహలనోబిస్ కనిపెట్టియుండెను. అది తెలిసినవారు కావలెనని కబురు. ఆయన రామకృష్ణ ముఖర్జీని, రావును పంపెను. అనగా రావును కేంబ్రిడ్జి పిలిచినది శిష్యుడుగా గాదు, పని తెలిసినవాడుగా. కలకత్తాలో చేతికి పట్టుబడిన విద్యయే ఆయనకు ప్రయాణపు చీటి, జీతము, కూర్చుండుటకు బల్ల, పలుకరించువారు, సమస్తమును అయ్యెను.

అచ్చట చేరిన పిదప రావు డాక్టరేటునకు గురువును వెదకికొనెను. అప్పుడు కేంబ్రిడ్జిలో జన్యుశాస్త్రాచార్యుడుగా నుండిన రొనాల్డ్ ఫిషర్ ఆ కాలపు సాంఖ్యక శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు. ఆయన అంగీకరించెను గాని ఒక నియమము పెట్టెను: తన ప్రయోగశాలలో ఎలుకల పని చేయవలెను! ఎలుకలను పెంచి, వాని సంతతిలో ఏ లక్షణములు కలసివచ్చుచున్నవో లెక్కించి, జన్యువుల స్థానములు గుర్తించుట ఆ పని. గణితశాస్త్రమున ఆరితేఱిన యువకుడు, 1945లోనే నేటి పాఠ్యగ్రంథములలో సైతము తన పేరుతో నిలిచియున్న సిద్ధాంతమును ప్రకటించినవాడు, పగలు ఎముకల కొలతలు, తక్కిన వేళ ఎలుకల బోనులు చూచుచుండెను. ఇందు చిన్నతనము పడవలసినది లేదు. ప్రయోగశాలలో చేతిపని చేయుచున్నపుడే క్రొత్తవానికి అచ్చటివారితో పరిచయము పెరుగును. వట్టి గ్రంథాలయమున కూర్చున్నవాడు ఏడాదియైనను పరదేశిగానే మిగులును.

ఆ కాలపు ఇంగ్లండు సుఖముగా నుండినదని తలంపరాదు. యుద్ధమున గెలిచిన దేశము పస్తులకు దగ్గఱగా నుండెను. యుద్ధకాలమున సైతము స్వేచ్ఛగా దొరకిన రొట్టె 1946 జూలైలో రేషనులోనికి వచ్చి, 1948 జూలై వఱకు అట్లే యుండెను. 1947 జనవరి 22 మొదలు మార్చి 17 వఱకు దేశమున ఏదో యొకచోట మంచు కురియని దినము లేదు. బొగ్గు కొఱత వలన ఇండ్లకు పగటిపూట విద్యుత్తును గంటల తరబడి ఆపివేసిరి. మన బళ్లారి ఎండలలో పుట్టినవానికి అది తొలి చలికాలము.

ఎముకల కొలతల నుండియే రావుకు తన ప్రశ్న దొరకెను. ఒక ప్రాణిని లేక మనుష్యుని ఏ సమూహమున చేర్చవలెనో నిర్ణయించుటకు సరియైన లెక్క యేది యన్నదే ఆయన సిద్ధాంత వ్యాసపు విషయము. 1948లో డాక్టరేటు వచ్చెను. ఆ యేడే కలకత్తాకు తిరిగి వచ్చి పూర్వపు సంస్థలోనే పనిచేసెను. జెబెల్ మోయా గ్రంథము ముఖర్జీ, రావు, ట్రెవర్ అను ముగ్గురి పేర్లతో 1955లో వెలువడెను. వృద్ధాప్యమున అమెరికాకు పోయిన రావు 2023 ఆగస్టు 22న, నూట రెండేండ్ల వయస్సున, బఫలో నగరమున కాలధర్మము నొందెను.

అందఱికిని కబురు ముందుగా రాదు. భీమవరమున పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యము చదివి, 1922లో బోస్టను నగరమునకు, హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోయెను. మామగారి సహాయముతోను, కాకినాడలోని సత్యలింగ నాయకరు ధర్మనిధి సహాయముతోను ప్రయాణము సాగినది గాని, అచ్చట విద్యార్థి వేతనము లేదు. ఇచ్చటి వైద్యపట్టము అచ్చట చెల్లలేదు. ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రము చేయు కూలిపనితో పొట్ట పోసికొనెను. ఫిస్కే అను ఆచార్యునితో కలసి రక్తమున భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిన పిదపనే ఆయన పేరు నలుగురికి తెలిసెను. డాక్టరేటు 1930లో వచ్చెను. భార్య ఇచ్చటనే ఎదురుచూచుచుండెను. ఆయన మఱల రాలేదు. 1948లో, రావు తిరిగివచ్చిన యేడే, సుబ్బారావు న్యూయార్కులో మరణించెను. ఇరువురి ప్రతిభలో ఎక్కువ తక్కువలు లెక్కించుట మా యుద్దేశము గాదు. ఒకరికి చేరిన దినముననే పనియు జీతమును ఉండెను, మఱియొకరికి లేవు. ఆ భేదమునకు ఒక కుటుంబము చెల్లించిన వెల తల్లిదండ్రులు గుర్తింపవలసినది.

కావున నేడు పోవువారు మొదట అడుగవలసినది వేతనమును గూర్చి. అమెరికాలో విజ్ఞానశాస్త్ర విభాగములు పలుచోట్ల డాక్టరేటు విద్యార్థికి రుసుము మాన్పి, బోధనలోనో ప్రయోగశాలలోనో చేయు పనికి నెలవేతన మిచ్చును. జర్మనీలో పలువురు పరిశోధకులు విశ్వవిద్యాలయపు ఉద్యోగులుగానే ఒప్పందముపై చేరుదురు. అది లేకుండ ప్రవేశపత్రము మాత్రమే వచ్చినపుడు, పొలము కుదువబెట్టుటకు ముందు ఒక యేడు ఆగి మఱల ప్రయత్నించుట మేలని మా యభిప్రాయము. బయట కూలి చేసి గట్టెక్కుదమన్నను, అమెరికాలో విద్యార్థి వీసాపై చదువు సాగుచున్నపుడు వారమునకు 20 గంటలకు మించి, అదియు విద్యాలయ ప్రాంగణమున తప్ప, సాధారణముగా పనిచేయరాదు. షెడ్యూల్డు కులములు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ వృత్తిదారులలో అర్హులైనవారికి కేంద్రప్రభుత్వపు జాతీయ విదేశ విద్యార్థి వేతనము కలదు. మన సీమలో దీనిని తెలిసినవారు తక్కువ.

ఇక భాష. పాఠము అర్థమగుట కష్టము కాదు. శాస్త్రపు మాటలు ఎక్కడైనను అవియే. కష్టము తేనీటి వేళ వచ్చును. మేము కర్నూలున శిక్షణ పొంది ఈ జిల్లాకు వచ్చిన క్రొత్తలో, లిపులు దగ్గఱివి గనుక, కన్నడమును చదువుట నెల దినములలో పట్టుబడెను. ఉపాధ్యాయుల గదిలో జరుగు హాస్యమునకు అందఱితోపాటు నవ్వుటకు మాత్రము రెండేండ్లు పట్టెను. పరదేశమున గూడ ఇంతే. అర్థము కానిచో ‘మఱల చెప్పు’డని అడుగుటకు ఏకభాషా ప్రాంతమున పెరిగినవాడు సిగ్గుపడును. మన పిల్లలకు ఆ యలవాటు సంతలోనే, బస్సులోనే అయినది.

తల్లులకు ఒక మాట. బళ్లారిలో రాత్రి 9 గంటలైనపుడు, చలికాలమున కేంబ్రిడ్జిలో మధ్యాహ్నము మూడున్నర, బోస్టనులో ఉదయము పదిన్నర. ఆ వేళ పిల్లవాడు ప్రయోగశాలలో ఉండును; ఫోను తీయలేదని బెంగపడవలదు. ఆదివారము సాయంకాలము మన 6 గంటలు కేంబ్రిడ్జివారికి మధ్యాహ్నము పండ్రెండున్నర, బోస్టనువారికి ఉదయము ఏడున్నర. అది ఇరువురికిని వీలైన వేళ.