పాత మోటారుబండి ఎవరి సొత్తు?

పాలమూరునకు మహబూబునగరమను పేరు 1890లో వచ్చినది. ఎవరి పేర వచ్చినదో ఆ ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్, తమ చివరి దినములలో ఇంగ్లండునుండి ఒక రోల్స్‌రాయిస్ కారు తెప్పించుటకు ఉత్తరువిచ్చిరి. పసుపుపచ్చని ఒళ్ళు, లోపల సింహాసనము వంటి పీఠము. బండి సిద్ధము కాకమునుపే, 1911లో, ఆయన కన్నుమూసిరి. కోరినవారొకరు, అందుకొన్నవారొకరు. అందుకొన్న ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ దానిని బహు అరుదుగా వెలికి తీసిరి. నేడది హైదరాబాదులో చౌమహల్లా ప్రాసాదమున సందర్శకుల యెదుట నున్నది.

రాజ్యములు పోయినప్పుడు స్థావరమునకు ఒక గతి, జంగమమునకు మరియొక గతి పట్టును. 1949లో జాగీర్లు రద్దయిన పిమ్మట గద్వాల కోటలో కళాశాల వెలసినది. వనపర్తి రాజభవనములో పాలిటెక్నిక్ విద్యార్థులు కొలతబద్దలు పట్టుకొని తిరుగుచున్నారు. గోడలను ఎవరును చంకబెట్టుకొని పోలేరు గదా! మోటారుబండి అట్లు కాదు. దానికి సర్వే నంబరు లేదు, పట్టా లేదు. కొట్టమునుండి ఒక రాత్రి లారీ యెక్కిన మరునాటికి బొంబాయి చేరును. అందుచేతనే పాత బండ్ల విషయమున "ఎవరిది?" అను ప్రశ్న ఇంటి విషయముకంటె చిక్కయినది.

ఒక ఉదాహరణము కల్పించుకొందము. నల్లగొండ జిల్లాలో నొక పాత గడీ, అందులో తాతగారి కాలపు బండి యొకటి, వారసులు ముగ్గురు. ఒకరు అమెరికాలో నున్నారు, ఒకరు అమ్మివేయుదమందురు, మూడవ ఆమె తాతగారి జ్ఞాపకమును పోగొట్టుకొనరాదందురు. ముగ్గురిలో ఎవరి మాట చెల్లును?

మొదట బండి కాగితమును చూడవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఎవరి పేర రిజిస్ట్రేషను ఉన్నదో వారే యజమాని. కొనుగోలు మాత్రము 1930 నాటి సరకుల విక్రయ చట్టము క్రిందికి వచ్చును. ఉభయుల ఉద్దేశమునుబట్టి సొత్తు చేతులు మారును. ఈ రెండు చట్టముల నడుమ పడి నలిగినవారు పెక్కురు. బండి అమ్మి చాలకాలమైనను పుస్తకములో పేరు మారనిచో, ప్రమాదము జరిగినప్పుడు పరిహారము పాత యజమాని మెడకే చుట్టుకొనునని సుప్రీంకోర్టు 2018లో చెప్పినది. యజమాని గతించినచో వారసులు 30 దినములలో రవాణా అధికారికి తెలుపవలెను. మూడు మాసములలో పేరు మార్పునకు దరఖాస్తు పెట్టవలెను. మన గడీలలో తాతల పేరనే నిలిచిపోయిన కాగితములకు ఈ గడువులు ఏనాడో దాటిపోయినవి!

2021 జూలైలో కేంద్రప్రభుత్వము పాత బండ్లకు వేరొక నియమావళి తెచ్చినది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటి, చాసిస్, ఒళ్ళు, ఇంజను మార్పు లేక మొదటి రూపున నున్న బండి ప్రాచీన వాహనమగును. నంబరు పలకపై రాష్ట్రపు అక్షరముల తరువాత 'వీఏ' అను గుర్తుండును. క్రొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, పది సంవత్సరముల అనంతరము తిరిగి నమోదుకు 5,000. అట్టి బండిని ప్రదర్శనకు, పోటీ యాత్రలకు, పరిశోధనకు, పెట్రోలు పోయించుటకు, మరమ్మతుకు త్రోలవచ్చును గాని, నిత్యము తిరుగుటకుగాని బాడుగకు తిప్పుటకుగాని వీలులేదు. పెండ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చి బండి ఖర్చు రాబట్టుకొందమను ఆలోచన ఇక్కడనే ఆగిపోవుచున్నది.

ఇక ముగ్గురు వారసుల సంగతి. ఉమ్మడిగా నుంచుకొనుట సులభమైన దారి. కాని ఉమ్మడి సొత్తు ఉమ్మడి తగవుకు పుట్టినిల్లు. భూమినైన గట్టు వేసి పంచుకొందురు, బండిని ముక్కలు చేయలేరు గదా. వాటా కావలెనని ఒక్కరు కోర్టుకెక్కినను తుదకు అమ్మి డబ్బు పంచుకొనుటయే గతి. అవిభక్త కుటుంబపు ఆస్తియైనచో కర్త నిర్వహించును. ఆంధ్రప్రదేశ్ 1985లోనే కుమార్తెలకు పుట్టుకతో సమాన హక్కు నిచ్చినది, దేశమంతటికి అది 2005లో వచ్చినది. కావున మూడవ ఆమె మాటను త్రోసిపుచ్చుటకు ఎవరికిని తరము కాదు.

ట్రస్టు అను ఉపాయము ఇటువంటి పట్టునకే పుట్టినది. 1882 నాటి భారత ట్రస్టుల చట్టములో మువ్వురున్నారు: ఇచ్చువాడు, మోయువాడు, అనుభవించువాడు. మోయువాడు ధర్మకర్త. సొత్తు పేరునకు అతనిది, ఫలము మాత్రము లబ్ధిదారులది. భూమి నప్పగించుటకు రిజిస్టరు దస్తావేజు కావలెను. బండి వంటి జంగమమును ధర్మకర్తకు యాజమాన్యముతో అప్పగించినను చాలును. వ్రాతలేని అప్పగింత కొన్నాళ్ళకు కంఠశోషగా పరిణమించుననుట వేరు సంగతి!

ఈ విద్యలో ఏడవ నిజామును మించిన విద్యార్థి మన నేలమీద లేరనిన అతిశయోక్తి కాదు. 1950లో తొమ్మిది కోట్ల రూపాయల ప్రభుత్వ పత్రములతో కుటుంబ ట్రస్టు నేర్పరచిరి. 1951, 52లలో ఆభరణములకు ట్రస్టులు కట్టిరి. 1967లో ఆయన గతించిన పిమ్మట వారసుల నడుమ ఎన్ని వ్యాజ్యములు నడచినను, ఆ నగలు అంగడి పాలుగాక 173 వస్తువులుగా ఒక్కచోటనే యుండి, 1995లో సుమారు 218 కోట్లకు కేంద్రప్రభుత్వమునకు చేరినవి. పురానీ హవేలీలోని నిజాము మ్యూజియమును నడుపుచున్నదియు ఒక ట్రస్టే. 2000లో ప్రజలకు ద్వారములు తెరచిన ఆ మ్యూజియములో 1930 నాటి రోల్స్‌రాయిస్, ఒక ప్యాకార్డు, ఒక జాగ్వారు ఉన్నవి.

ట్రస్టుతో పన్ను తప్పునని తలచువారు కలరు. నిజాము కుటుంబ ట్రస్టు వ్యాజ్యములోనే 1977లో సుప్రీంకోర్టు తేల్చినది: లబ్ధిదారుకు ఎంత పన్ను పడునో, అతని పక్షమున ధర్మకర్తకును అంతే. కుటుంబ ట్రస్టు శాశ్వతము కూడ కాదు. జీవించియున్నవారి ఆయుర్దాయము, ఆపైన మైనరు కాలపు 18 ఏండ్లు - అంతకుమించి సొత్తును బంధించుటకు చట్టమొప్పదు. శాశ్వతముగా నుండవలెనన్నచో ప్రజోపయోగ ట్రస్టు కావలెను. అప్పుడు మనుమరాలి పెండ్లికి ఆ బండిని వాడుకొన్నచో, దాతృ సంస్థకు దక్కు పన్ను మినహాయింపునకే మోసము రావచ్చును. ఇచ్చినది ఇచ్చినట్లే!

కంపెనీ మార్గము వేరు. 1897లో సాలమన్ అను లండను తోలువ్యాపారి వ్యాజ్యమున ప్రభువుల సభ చెప్పిన తీర్పు కామర్సు విద్యార్థులెల్లరకు కంఠస్థమే: కంపెనీ వేరు, దానిని పెట్టినవాడు వేరు. మన సుప్రీంకోర్టు 1954లో, వాటాదారునకు కంపెనీ ఆస్తిలో నేరుగా హక్కు లేదన్నది. వారసులు మువ్వురును వాటాలు పంచుకొన్నచో బండి కదలనక్కరలేదు, కాగితములే చేతులు మారును. ఈ సౌలభ్యము చిన్నది కాదు. కాని ఏటేట లెక్కల తనిఖీ, నివేదికలు తప్పవు. అంతకంటె పెద్ద అపాయము, కంపెనీ అప్పు బండిని మ్రింగుట.

ఫ్రాన్సులో ష్లుంఫ్ సోదరులు నూలు మిల్లుల ధనముతో మల్హౌస్ పట్టణమున నాలుగువందలకు పైగా కార్లు రహస్యముగా కూడబెట్టిరి. అందులో బుగాటీలే అనేకము. మిల్లులు దివాలా తీసినవి. జీతములు రాని కార్మికులు 1977 మార్చిలో ఆ శాలను పట్టుకొని, తమ కడుపు కొట్టి కూర్చిన వైభవమును కండ్లార చూచిరి. సోదరులు స్విట్జర్లాండుకు పోయిరి. 1978లో ఫ్రెంచి ప్రభుత్వము ఆ కార్లను చారిత్రక సంపదగా ప్రకటించి చెదరిపోకుండ ఆపినది; 1981లో ఒక ప్రజాసంఘము కొని, 1982లో జాతీయ మ్యూజియముగా తెరచినది. సంపద నిలిచినది గాని కూర్చినవారికి దక్కలేదు.

పన్ను విషయమున ఒక చమత్కారము గలదు. ఆదాయపు పన్ను చట్టము ప్రకారము, మనిషి స్వంతముగా వాడుకొను చరవస్తువును అమ్మిన లాభమునకు మూలధన పన్ను లేదు, కారు అట్టిదే. కంపెనీకి ఈ సదుపాయము లేదు. "వాడుక" యనగా నేమి? ధోల్పూరు మహారాణా లక్ష్మీపూజలో నుంచిన బంగారు నాణెములు స్వంత వాడుక వస్తువులు కావని 1976లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. నిత్యము, సన్నిహితముగా వాడినదే వాడుక యనినది. 2021 నియమములేమో ప్రాచీన వాహనమును నిత్యము వాడరాదనుచున్నవి! ఈ రెంటి నడుమ ఇరుకున పడిన బండికి న్యాయవాదులే దిక్కు.

మన ముగ్గురు వారసులకు ఉన్నది ఒక్క బండియే. దానికొరకు కంపెనీ పెట్టుట దోమకు గోపురము కట్టించుటయే యగును. పేరు మార్పు చేయించుకొని, అమ్మదలచినవారి వాటాకు వెలకట్టి తక్కిన ఇద్దరు కొనుట మేలు. బండ్లు పదియున్నచో, పదిమందికి చూపు కోరికయున్నచో ట్రస్టును గూర్చి ఆలోచింపవచ్చును. ఏ దస్తావేజు వ్రాసినను మూడు ముక్కలు మరువరాదు: తాళపుచెవి ఎవరియొద్ద నుండవలెను, భీమా ఎవరు కట్టవలెను, టైర్లు పాడైనప్పుడు డబ్బెవరు పెట్టవలెను.